బహుమతి వేరు, బాకీ వేరు: నైజీరియా ఫుట్‌బాల్ సమాఖ్యకు బహిరంగ లేఖ

అబుజాలోని నైజీరియా ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

నేను మీ దేశస్థురాలిని కాను. మాది గుంటూరు జిల్లా తెనాలి. 2008 నుంచి 2019 దాకా లాగోస్‌లో, ఇకెజా పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ సామాన్లు తయారుచేసే ఒక కంపెనీలో అకౌంట్స్ చూశాను. పదకొండేళ్లు మీ ఉప్పు తిన్నదాన్ని. మా అమ్మాయి మొదటిసారి బంతిని కాలితో తన్నింది మీ నేల మీదే. ఆ చనువుతో, మీ అమ్మాయిల జట్టుకు రావాల్సిన డబ్బుల గురించి రాస్తున్నాను.

ఈ ఉత్తరాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి మీకు విడిగా పంపుతాను. ముందు తెలుగులోనే రాసుకున్నాను. కోపమొచ్చినా ఏడుపొచ్చినా నాకు మాట ఈ భాషలోనే వస్తుంది. పైగా నైజీరియా అనగానే వేరే సంగతులు తలుచుకునే మావాళ్లకి, ఆ దేశంలో సూపర్ ఫాల్కన్స్ అనే ఆడపిల్లల జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఒకటుందని, ఆఫ్రికాలో దానంత గెలిచిన జట్టు ఇంకోటి లేదని తెలియాలి.

2016 డిసెంబరు 14 నాకు బాగా గుర్తు. అబుజాలో దేశాధ్యక్షుడు బుహారీ పార్లమెంటులో బడ్జెట్ ప్రవేశపెడుతున్న రోజు. మా ఆఫీసులో అందరం టీవీ ముందు ఉన్నాం, నైరా విలువ ఏమవుతుందోనని. మధ్యలో వీధి చూపించారు. జట్టు ట్రాక్‌సూట్లు వేసుకున్న అమ్మాయిలు, చేతుల్లో అట్టల మీద రాసిన నినాదాలు. పదకొండు రోజుల కిందటే యవుండేలో కామెరూన్‌ని వాళ్ల సొంత గడ్డ మీద, వాళ్ల జనం మధ్య ఓడించి ఆఫ్రికా కప్పు తెచ్చిన పిల్లలు వాళ్లు. 84వ నిమిషంలో డిజైర్ ఒపరనోజీ కొట్టిన ఒక్క గోలుతో గెలిచారు. గెలిచి ఇంటికి పోలేదు. అబుజాలో హోటల్ గదులు ఖాళీ చేయకుండా కూర్చుని, తమకు రావాల్సిన మ్యాచ్ డబ్బుల కోసం చివరికి రోడ్డెక్కారు.

మా స్టోర్స్ చూసే ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. వార్రి ఊరి మనిషి. ఎప్పుడూ గలగలా మాట్లాడే ఆవిడ ఆ రోజు మాట్లాడలేదు. టీవీ కట్టేసి స్టోర్స్‌లోకి వెళ్లిపోయింది.

ఈ జట్టు గురించి నాకు తెలిసిందంతా ఆవిడ దగ్గర మొదలైంది. 2002లో ఆఫ్రికా కప్పు ఫైనల్ వార్రిలోనే జరిగింది, నైజీరియా 2–0తో ఘనాను ఓడించింది. అన్నయ్య వెంటపడి ఆ మ్యాచ్‌కి వెళ్లానని చెప్పేది. లాగోస్‌లో సందుకో వ్యూయింగ్ సెంటర్ ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు, మావాళ్ల కోసం చెబుతున్నాను. రేకుల షెడ్డు, బల్లలు, రెండు టీవీలు, బయట దడదడలాడే జనరేటర్. కొంత డబ్బిచ్చి కూర్చుంటే మ్యాచ్ చూడొచ్చు. ఇంగ్లండ్ క్లబ్బులు ఆడే శనివారం అయితే కాలు పెట్టే జాగా ఉండదు. 2014లో నమీబియాలో మన అమ్మాయిల ఫైనల్ అలాంటి శనివారమే వచ్చింది. ఆవిడ ఆ షెడ్డు యజమానిని బతిమాలి, కసిరి, ఆఖరికి ఉన్న బల్లలన్నిటికీ తనే డబ్బు కడతానని బెదిరించి ఒక టీవీలో ఛానల్ మార్పించింది. నన్నూ లాక్కెళ్లింది. మన అమ్మాయిలు అని రాశాను చూడండి. ఆ రోజు నుంచే ఆ మాట అలవాటయింది.

1999 కథ కూడా ఆవిడే చెప్పింది. తర్వాత నేను ఆ మ్యాచ్ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అంతకుముందు ప్రపంచ కప్పుల్లో ఈ జట్టు పడ్డ పాట్లు మీకు తెలుసు. 1991లో చైనాలో మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ ఓడిపోయారు, ఒక్క గోలు కూడా కొట్టలేదు. 1995లో స్వీడన్‌లో నార్వే చేతిలో 8–0. తర్వాతి మ్యాచ్‌లో కెనడాతో 3–3. అంత దెబ్బ తిన్న జట్టు మూడు గోల్స్ కొట్టడానికి ఎంత గుండె కావాలి! నాలుగేళ్లకి అమెరికాలో, ఇస్మాయిలా మాబో కోచ్‌గా ఉండగా, ఉత్తర కొరియాని 2–1తో, డెన్మార్క్‌ని 2–0తో గెలిచారు. మధ్యలో అమెరికా చేతిలో 7–1తో ఓడిన మాట నిజమే. కానీ ఆ మ్యాచ్‌లో రెండో నిమిషంలోనే మొదటి గోలు కొట్టింది న్‌కిరు ఒకోసియెమె. తలతో గోల్స్ కొట్టడంలో దిట్ట కాబట్టి ఆమెను హెడ్ మిస్ట్రెస్ అని పిలిచేవాళ్లు.

అలా ప్రపంచ కప్పులో క్వార్టర్ ఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా మహిళా జట్టు అయింది నైజీరియా. ఎదుట బ్రెజిల్. మేరీలాండ్ రాష్ట్రంలోని ల్యాండోవర్ స్టేడియం. సగం ఆట అయ్యేసరికి 3–0తో బ్రెజిల్ ముందుంది. ఇంకెవరైనా అయితే అక్కడే కాళ్లు చల్లబడేవి. 63వ నిమిషంలో ప్రిస్కా ఎమెయఫు, 72లో ఒకోసియెమె, 85లో న్‌కెచి ఎగ్బె. మూడు మూడు. వెంటనే పేషెన్స్ అవ్రేకి రెడ్ కార్డు. పదిమందితో ఎక్స్‌ట్రా టైమ్ ఆడుతూ, 104వ నిమిషంలో సిస్సీ కొట్టిన ఫ్రీ కిక్‌కి గోల్డెన్ గోలు నియమం కింద ఓడిపోయారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఎవరు ముందు గోలు కొడితే వాళ్లదే గెలుపు, ఆట అక్కడితో సరి. ఆ నియమం ఇప్పుడు లేదు. అప్పుడు కూడా లేకపోయుంటే ఆ రాత్రి ఏమయ్యేదోనని ఆవిడ ఎప్పుడూ అనేది. నేను ఇప్పటికీ అంటుంటాను.

ఆ జట్టులో ఇఫెయాని చియెజినె అనే అమ్మాయికి అప్పుడు పదహారేళ్లు. మహిళల ప్రపంచ కప్పులో ఆడిన అతి చిన్న వయస్కురాలిగా ఆమె పేరు 24 ఏళ్లు, 2023 దాకా, రికార్డుల్లో నిలిచింది. ఆమె 2019లో చనిపోయింది, నిండా నలభై రాకుండానే.

ఇక నేను రాయదలుచుకున్న అసలు సంగతికి వస్తాను.

2004లో దక్షిణాఫ్రికాలో ఆఫ్రికా కప్పు ఫైనల్. నైజీరియా 5, కామెరూన్ 0. అయిదింటిలో నాలుగు గోల్స్ పర్పెచువా న్‌క్వోచావి. ఆ ఏడాది ఆఫ్రికా ఉత్తమ క్రీడాకారిణి ఆమే. తర్వాత మరో మూడుసార్లు కూడా. ఒక ఫైనల్లో నాలుగు గోల్స్ కొట్టిన మనిషిని భుజాల మీద ఎక్కించుకుని తీసుకురావాలి కదా? ఆ జట్టు బోనస్ డబ్బు చేతికొచ్చేదాకా కదలమని మూడు రోజులు అక్కడి హోటల్లోనే ఉండిపోయింది.

2016 సంగతి పైన రాశాను. 2019లో ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్పు రెండో దశకు చేరి జర్మనీ చేతిలో ఓడాక మళ్లీ హోటల్లో బైఠాయింపు. అందులో రెండేళ్ల నాటి గాంబియా, సెనెగల్ మ్యాచ్‌ల బోనస్ కూడా ఉందని పత్రికల్లో వచ్చింది. 2022లో మొరాకోలో ఆఫ్రికా కప్పు సెమీ ఫైనల్, మొరాకోతోనే. ఇద్దరికి రెడ్ కార్డులు, మిగిలింది తొమ్మిది మంది. 45 వేల పైచిలుకు మొరాకో జనం హోరెత్తిస్తుంటే తొమ్మిది మందితో ఆటను పెనాల్టీల దాకా లాక్కెళ్లి అక్కడ ఓడారు. ఆ ఒంటి నొప్పులు తగ్గకముందే, రావాల్సిన డబ్బు రాలేదని మూడో స్థానం మ్యాచ్‌కి ముందు ప్రాక్టీసు మానేశారు. 2023 ప్రపంచ కప్పుకి ముందైతే కోచ్ రాండీ వాల్డ్రమ్ తనకే నెలల తరబడి జీతం రావాలని బయటపడి చెప్పారు. ఆ టోర్నీ అయ్యాక, ఆటగాళ్ల అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో 2021 నాటి బాకీలు కూడా ఉన్నాయని ప్రకటించింది.

హోటల్ మారింది, ఏడాది మారింది, మీ సమాఖ్యలో మనుషులూ మారారు. ఆ అమ్మాయిలు కూర్చున్న కూర్చోవడం మాత్రం అదే.

2016లో అప్పటి క్రీడల మంత్రి సోలమన్ దలుంగ్ ఒక మాటన్నారు. ఈ జట్టు గెలుస్తుందని ఎవరికీ తెలియదని, గెలుస్తారన్న నమ్మకం ఉంటే ముందే డబ్బు ఏర్పాటు చేసుకునేవాళ్లమని దాని సారాంశం. ఆయన మీ సమాఖ్య మనిషి కాదు, ప్రభుత్వ మనిషి. అయినా ఆ మాట వినగానే నాలోని అకౌంటెంట్ లేచి కూర్చుంది. కాగితం తీసి లెక్క వేశాను. 1998 నుంచి 2014 దాకా ఆఫ్రికా కప్పు తొమ్మిదిసార్లు జరిగింది. నైజీరియా ఏడుసార్లు గెలిచింది. తొమ్మిదిలో ఏడు! రెండే రెండు సార్లు, 2008లో, 2012లో, ఈక్వటోరియల్ గినీ తీసుకుపోయింది. తొమ్మిదింట్లో ఏడుసార్లు జరిగినదాన్ని పట్టుకుని ఎవరూ ఊహించలేదంటే నేను ఒప్పుకోలేను.

మా వృత్తిలో ప్రొవిజన్ అనే మాట ఉంది. రేపు కట్టాల్సిన అప్పు ఇవాళే కళ్లకు కనబడుతుంటే, ఇవాళే దాని పేరున డబ్బు పక్కన పెట్టాలి. పెట్టని అకౌంటెంట్‌ని ఆడిటరు నిలదీస్తాడు. సూపర్ ఫాల్కన్స్ విమానం ఎక్కే రోజుకి మీ పుస్తకాల్లో ఆ పద్దు ఉండాలి: ఫైనల్ గెలిస్తే ఇంత, సెమీస్‌లో ఆగితే ఇంత, రోజు భత్యం ఇంత. గెలిచాక డబ్బు వెతుక్కోవడమంటే ఓడిపోతారని లెక్క వేసుకుని వాళ్లను పంపినట్టే. ఈ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. డబ్బుల ఇబ్బంది ఏ దేశానికైనా వస్తుంది. లాగోస్‌లో ఉన్నప్పుడు మా కంపెనీకీ వచ్చింది, జీతాలు రెండు విడతలుగా ఇచ్చాం. కానీ ఎప్పుడిస్తామో నెల మొదట్లోనే నోటీసు బోర్డులో పెట్టాం. ఆ కాగితం చూసి ఎవరూ మామీదికి గొడవకు రాలేదు.

మగవాళ్ల జట్టుతో పోల్చడం నాకు ఇష్టం లేదు. సూపర్ ఈగల్స్ అన్నా నాకు అభిమానమే. అయినా ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. 1991 నుంచి 2023 దాకా మహిళల ప్రపంచ కప్పు తొమ్మిదిసార్లు జరిగితే తొమ్మిదిసార్లూ ఆడిన దేశాలు ప్రపంచం మొత్తమ్మీద ఏడే. అందులో నైజీరియా ఒకటి. మిగతా ఆరు అమెరికా, జర్మనీ, బ్రెజిల్, జపాన్, నార్వే, స్వీడన్. ఏ దేశాల పక్కన మీ పేరు నిలబెట్టారో చూడండి ఆ పిల్లలు! ఓనొమె ఎబి అయితే ఏకంగా ఆరు ప్రపంచ కప్పుల్లో ఉంది. 2003లో మొదలుపెట్టి, నలభై ఏళ్ల వయసులో 2023లో కూడా.

2023లో నేను తెనాలిలో ఉన్నాను. కెనడాతో మొదటి మ్యాచ్‌లో క్రిస్టీన్ సింక్లెయిర్ పెనాల్టీని చియామకా న్నడోజీ ఆపినప్పుడు మా అమ్మాయి మంచం మీద నుంచి ఎగిరి దూకింది. బ్రిస్బేన్‌లో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియా మీద 3–2. ఉచెన్నా కాను, ఒసినాచి ఒహలె, అసిసాత్ ఒషోలా. ఆ తర్వాత ఇంగ్లండ్‌తో రెండు గంటల ఆటలో గోలు ఇవ్వకుండా నిలబడి పెనాల్టీల్లో ఓడారు. ఆ ఇంగ్లండ్ ఫైనల్ దాకా వెళ్లింది. అంటే ఆ టోర్నీలో నాలుగు మ్యాచ్‌లాడి, ఆట సాగినంతసేపు ఎవరి చేతిలోనూ ఓడని జట్టు, కోచ్ జీతం బాకీ ఉన్న జట్టు, ఒకటే.

2025 జూలై 26. మాకు అప్పటికి అర్ధరాత్రి దాటిపోయింది. రబాత్‌లో ఆఫ్రికా కప్పు ఫైనల్, మళ్లీ మొరాకో, మళ్లీ వాళ్ల జనం. సెమీస్‌లో దక్షిణాఫ్రికా మీద ఆఖరి నిమిషాల్లో గోలు వేసి ఈ ఫైనల్‌కి తెచ్చింది మిషెల్ అలోజీ. హ్యూస్టన్‌లో క్లబ్బుకి ఆడుతూనే కేన్సర్ పరిశోధన ప్రయోగశాలలో పనిచేసిన అమ్మాయి. ఫైనల్ మొదలైన 24 నిమిషాలకే మొరాకో 2–0. నాకు ల్యాండోవర్ గుర్తొచ్చింది. లాగోస్‌లో మా స్టోర్స్ ఆవిడకి ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తి, "మేడమ్, ఇంకా సగం ఆట ఉంది" అని పెట్టేసింది. రెండో సగంలో ఎస్తర్ ఒకొరొన్‌క్వొ పెనాల్టీ. ఫొలషాడె ఇజమిలుసి సమం చేసింది. 88వ నిమిషంలో జెనిఫర్ ఎచెగిని. 3–2. ఆ రెండు గోల్స్‌కీ బంతి అందించింది ఒకొరొన్‌క్వొనే. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి కెప్టెన్ రషీదాత్ అజిబాడె. ఏళ్ల తరబడి సహాయకుడిగా పక్కన నిలబడ్డ జస్టిన్ మడుగు ప్రధాన కోచ్‌గా కప్పు ఎత్తారు. ఫోన్ మళ్లీ మోగింది. అటువైపు జనరేటర్ హోరు, కేకలు, ఏమీ వినబడలేదు. ఇద్దరం వినబడకుండానే చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత అధ్యక్షుడు టినుబు ఒక్కో క్రీడాకారిణికి లక్ష డాలర్లకు సమానమైన నైరాలు, అబుజాలో మూడు పడక గదుల ఇల్లు, జాతీయ పురస్కారం ప్రకటించారు. గవర్నర్లు ఒక్కో క్రీడాకారిణికి కోటి నైరాలన్నారు. సంతోషించాను. వాళ్లకి ఇంకా ఎక్కువ ఇచ్చినా సంతోషిస్తాను.

కానీ బహుమతి వేరు, బాకీ వేరు. బహుమతి ఇచ్చేవాడి మనసు, ఆ రోజు ఆయన ఉత్సాహం. బాకీ కాగితం మీద ఉంటుంది, గెలిచినా ఓడినా ఉంటుంది. మూడో స్థానం మ్యాచ్ ఓడిపోయిన అమ్మాయికి రాజభవనంలో విందు ఉండదు. ఆమెకు రావాల్సిన రోజు భత్యం మాత్రం రావాలి. 2025లో పెద్ద కానుకలు వచ్చాయి కాబట్టి పాత లెక్కలు మాసిపోయాయని మీరెవరూ అనుకోకూడదని ఈ ఉత్తరం.

అందుకని అడుగుతున్నాను. ప్రతి టోర్నీకీ ముందు, శిబిరం మొదలైన రోజే, బోనస్ ఒప్పందం రాసి కెప్టెన్‌తో, మీ కార్యదర్శితో సంతకాలు పెట్టించి, దాన్ని బయట పెట్టండి. ఆ డబ్బు విడి ఖాతాలో ఉంచండి, వేరే ఖర్చుకి చెయ్యి వెళ్లకుండా. ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే ఆలస్యమైందని, ఫలానా తేదీకి ఇస్తామని ముందే చెప్పండి. గెలిచిన జట్టుకు ఆఫ్రికా సమాఖ్య ఇచ్చే బహుమతిలో (2025లో అది పది లక్షల డాలర్లు) ఆటగాళ్ల వాటా ఎంతో గెలవకముందే తేల్చండి. పాత బాకీల జాబితా కూడా ఒకటి తయారుచేయండి. 2004 నుంచి ఎవరికి ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఏమైనా మిగిలిందా? ఏమీ మిగల్లేదని తేలితే మీకే మంచిది, మీ మీద పడ్డ మచ్చ కడుక్కోవచ్చు.

ఇంకో లెక్క కూడా ఉంది. 2025 కప్పు పదోదని మీరే పండగ చేశారు. 1991, 1995లలో ఇంటా బయటా ఆడి గెలిచినవి కలిపి పన్నెండు అనేవాళ్లూ ఉన్నారు. 1998 నుంచి లెక్క పెడితే పది, 1991 నుంచి పెడితే పన్నెండు. ఏది సరైనదని నేను వాదించను. కానీ ఆ రెండు కప్పులు తెచ్చినవాళ్లు లెక్కలోంచి జారిపోకూడదు. వాళ్లు డబ్బు కూడా పెద్దగా చూడని తరం. వాళ్లకి దక్కాల్సిందల్లా పేరు. ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎన్ని గోల్స్ కొట్టారు, ఎప్పుడు ఎక్కడ అన్నది మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా ఒక్కచోట, మీ ముద్రతో, ఏ ఊరి పిల్లయినా ఫోన్‌లో తెరిచి చూసుకునేలా పెట్టండి. మెర్సీ అకిడె, ఫ్లోరెన్స్ ఒమగ్బెమి లాంటివాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు, అడిగితే చెబుతారు. ఒమగ్బెమి క్రీడాకారిణిగానూ కోచ్‌గానూ ఆ కప్పు గెలిచింది, 2016లో రోడ్డెక్కిన పిల్లల కోచ్ కూడా ఆమే. చియెజినె లాగా వెళ్లిపోయాక అడగడానికి ఉండరు.

2027 ప్రపంచ కప్పు బ్రెజిల్‌లో. ల్యాండోవర్‌లో ఓడించినవాళ్ల గడ్డ. అక్కడికి వెళ్లే జట్టు హోటల్లో కూర్చోవడానికి కాకుండా ఆడటానికి మాత్రమే వెళ్లేలా చూసే పని మీ చేతుల్లో ఉంది, ఇంకా సమయమూ ఉంది.

ఆ మ్యాచ్‌ల లెక్కల పుస్తకం మొదలుపెట్టేటప్పుడు మొదటి పేజీలో ఈ జట్టు మొదటి మ్యాచ్, 1991 ఫిబ్రవరి, నైజీరియా 5, ఘనా 1 అని రాయండి. దాని కింద ఆ రోజు ఆడిన పదకొండు మంది పేర్లు, సబ్‌స్టిట్యూట్లుగా బల్ల మీద కూర్చున్నవాళ్ల పేర్లు కూడా, ఇంటి పేర్లతో సహా.

ఇట్లు,
ఇకెజాలో మీ ఉప్పు తిన్న ఒక అకౌంటెంట్,
తెనాలి